బూటు మీద సంతకం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ఏ కోట గురించో, ఏ శాసనం గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను బూట్ల గురించి రాస్తున్నాను. సభ్యులు నవ్వుకోవచ్చు. అయితే చివరిదాకా ఓపికగా చదివితే ఇది మనలాంటి ఉద్యోగుల కథే అని ఒప్పుకుంటారని నా నమ్మకం.

కిందటి వేసవిలో అమెరికా నుంచి మా అమ్మాయి, మనుమడు వచ్చారు. వాడికి పదిహేనేళ్ళు. గుమ్మం దగ్గర వాడు విప్పిన బూట్లు చూసి ఆగిపోయాను. నల్ల గుడ్డ, తెల్ల రబ్బరు అట్ట, వేళ్ళ మీద తెల్ల రబ్బరు తొడుగు. రంగు మాట వదిలేస్తే, మనం బడిలో డ్రిల్లుకు వేసుకున్న కాన్వాస్ బూట్ల వాలకమే. ధర అడిగితే డాలర్లలో చెప్పాడు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే, 1972లో నేను అందుకున్న మొదటి నెల జీతానికి ఇరవై రెట్లు తేలింది!

ఆరో తరగతిలో నాకూ ఒక జత ఉండేది. ఉండేది అనడం కూడా పూర్తి నిజం కాదు. జనవరి 26 కవాతుకు తెల్ల బూట్లు తప్పనిసరి అంటే, నాన్నగారు మా అన్నయ్యకూ నాకూ కలిపి ఒకే జత కొన్నారు. అన్నయ్య సైజు కొన్నారు. నా వంతు వచ్చినప్పుడు ముందు భాగంలో దూది కూరుకుని తొడుక్కునేవాణ్ణి. ముందురోజు రాత్రి సుద్ద ముక్క నీళ్ళలో అరగదీసి పూసి, ఆరబెట్టుకునేవాళ్ళం. ఈ సంచిక చదివేవారిలో చాలామందికి ఆ సుద్ద వాసన గుర్తుండే ఉంటుంది.

మనుమడి బూటు ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. చీలమండ దగ్గర, లోపలి వైపున ఒక గుండ్రటి బిళ్ళ. మధ్యలో నీలి నక్షత్రం. దాని మీదుగా ఒక సంతకం. ముప్పై నాలుగేళ్ళు స్టోర్సులో పనిచేసినవాణ్ణి కదా! సంతకం కనబడితే అది ఎవరిది, ఏ హోదాలో పెట్టారు అని అడగకుండా ఉండలేను.

"చక్ టేలర్ అని ఎవరో తాతా. కంపెనీ ఓనర్ అనుకుంటా" అన్నాడు మనుమడు.

వాడు అనుకున్నది తప్పని తర్వాత తెలిసింది. వాడి సాయంతోనే పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ఆ సంతకం యజమానిది కాదు. మనలాగే నెల జీతం తీసుకున్న ఒక ఉద్యోగిది.

రబ్బరు కాలికి ఎక్కిన వైనం

ముందు రబ్బరు సంగతి చెప్పాలి. పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి జిగురవుతుంది, చలికి పెళుసెక్కి విరుగుతుంది. అలాంటి సరుకుతో బూట్లు చేస్తే ఏడాది పొడుగునా నిలవవు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ అనే ఆయన రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే ఈ రెండు దోషాలూ పోతాయని కనిపెట్టాడు. 1844లో పేటెంటు వచ్చింది. ఈ పద్ధతినే వల్కనైజేషన్ అంటారు. కానీ దావాలతో, అప్పులతో ఆయన బతుకంతా గడిచిపోయింది. 1860లో చనిపోయేనాటికి దాదాపు 2 లక్షల డాలర్ల అప్పు మిగిలింది. మనకు తెలిసిన గుడియర్ టైర్ల కంపెనీ 1898లో పుట్టింది. ఆయన మీద గౌరవంతో ఆ పేరు పెట్టుకున్నారంతే. ఆయనకుగానీ ఆయన కుటుంబానికిగానీ దానితో సంబంధం లేదు. పేరు ఒకరిది, ఫలం మరొకరిది అనే మాట ఈ కథలో ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రబ్బరు నిలకడగా ఉండటం మొదలయ్యాక గుడ్డ బూటుకు రబ్బరు అట్ట అతికించడం వచ్చింది. తోలు బూటులా టకటకమనదు. చప్పుడు లేకుండా నడవవచ్చు. అందుకే అక్కడివాళ్ళు దాన్ని 'స్నీకర్' అన్నారు, అంటే పిల్లిలా నడిచేది అని. 1916లో అమెరికా రబ్బరు కంపెనీ ఒకటి 'కెడ్స్' పేరుతో ఇలాంటి బూట్లను దేశమంతటా అమ్మింది. ఆ మాట మన దేశానికీ వచ్చి, కొన్ని ప్రాంతాల్లో ఏ కాన్వాస్ బూటునైనా కెడ్సు అనే అలవాటు ఏర్పడింది.

మా మనుమడి బూటు కంపెనీ అంతకంటే ముందుది. మార్క్విస్ మిల్స్ కాన్వర్స్ అనే ఆయన 1908లో మసాచుసెట్స్ రాష్ట్రం మాల్డెన్ ఊళ్ళో కాన్వర్స్ రబ్బర్ షూ కంపెనీ పెట్టాడు. మొదట చేసింది ఆటల బూట్లు కాదు. వానకూ మంచుకూ పనికివచ్చే రబ్బరు తొడుగు బూట్లు. ఆ సరుకుకు గిరాకీ చలికాలంలోనే. మిగతా నెలల్లో కార్ఖానాకు పని కావాలి. 1915 ప్రాంతంలో టెన్నిస్ కోసం కాన్వాస్ బూట్లు మొదలుపెట్టారు. 1917లో బాస్కెట్‌బాల్ కోసం చీలమండ దాకా వచ్చే బూటు తెచ్చారు. దాని పేరు 'ఆల్ స్టార్'.

బాస్కెట్‌బాల్ అప్పటికి కొత్త ఆటే. 1891 డిసెంబరులో అదే మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయ్‌స్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో కుర్రవాళ్ళను ఇంటి కప్పు కింద ఆడించడానికి కల్పించిన ఆట అది. పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీ అంచుకు కొట్టించి, 13 నిబంధనలు రాసి గోడకు అంటించాడు. చెక్క నేల మీద పరుగెత్తాలి, గభాలున ఆగాలి, ఎగరాలి. జారని అట్ట ఉన్న బూటు లేకపోతే ఆట సాగదు. ఆటా బూటూ కలిసి ఎదిగాయి.

బూటు చేసే విధానం కూడా చెబుతాను. మనలో వర్క్‌షాపుల్లో పనిచేసినవారికి ఆసక్తిగా ఉంటుంది. కాన్వాస్‌ను పొరలుగా అతికించి, అచ్చులతో ముక్కలు కోస్తారు. వాటిని కుట్టి, లేసులకు కంతలు వేస్తారు. ఆ గుడ్డ తొడుగును పాదం ఆకారంలో ఉన్న అచ్చు మీదకు బిగించి లాగుతారు. కింద రబ్బరు అట్ట, వేళ్ళ మీద తొడుగు, చుట్టూ రబ్బరు పట్టీ అతికిస్తారు. అప్పటిదాకా రబ్బరు మెత్తగానే ఉంటుంది. తర్వాత వరుసలు వరుసలుగా పెద్ద ఇనుప గదిలో పెట్టి తలుపు బిగించి వేడి మీద ఉడికిస్తారు. మన ప్రెషర్ కుక్కరు పద్ధతే అనుకోండి. బయటికి వచ్చేసరికి గుడ్డా రబ్బరూ ఒకటైపోతాయి. వందేళ్ళు దాటినా మూల పద్ధతి పెద్దగా మారలేదు.

జీతగాడు చక్ టేలర్

ఇప్పుడు ఆ సంతకం సంగతి. చార్లెస్ టేలర్ 1901 జూన్ 24న ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. ముద్దుపేరు చక్. హైస్కూలు రోజుల నుంచీ బాస్కెట్‌బాల్ ఆడాడు. తర్వాత ఎక్రన్ నగరంలో ఒక టైర్ల కంపెనీ జట్టుకు ఆడాడు. 1920ల మొదట్లో కాన్వర్స్ కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరాడు.

ఆయన అమ్మకం తీరు వేరు. ఊరికి వెళ్ళగానే బూట్ల పెట్టె తెరిచేవాడు కాదు. ముందు అక్కడి హైస్కూలుకో కాలేజీకో వెళ్ళి, కుర్రవాళ్ళను చేర్చి, బంతి ఎలా అందించాలో, బుట్టలో ఎలా వేయాలో స్వయంగా ఆడి చూపించేవాడు. డబ్బు తీసుకునేవాడు కాదు. అక్కడి శిక్షకులతో స్నేహం కలిపేవాడు. ఆ తర్వాత ఊళ్ళోని దుకాణానికి ఆర్డర్లు వాటంతట అవే వచ్చేవి. స్థానిక వ్యాపారిని పక్కనబెట్టి నేరుగా అమ్మడం ఆయన పద్ధతి కాదు. 1922 నుంచి కంపెనీ ఏటా ఒక బాస్కెట్‌బాల్ వార్షిక పుస్తకం వేసేది. అందులో జట్ల ఫోటోలు, ఆట మెళకువలు ఉండేవి. తర్వాతి సంవత్సరాల్లో దేశంలోకెల్లా మేటి ఆటగాళ్ళ జాబితాను టేలరే ఎంపిక చేసేవాడు. అందులో పేరు రావడం గొప్ప గౌరవం.

దశాబ్దాల తరబడి ఆయన ఇల్లు కారే. బస హోటళ్ళలో. కారు వెనక డిక్కీ నిండా బూట్లు. మన శాఖల్లో క్యాంపు ఉద్యోగాలు చేసినవారికి ఆ బతుకు నేను వివరించనక్కర్లేదు.

1930ల తొలి సంవత్సరాల్లో కంపెనీ ఆయన పేరును బూటు బిళ్ళ మీదకు ఎక్కించింది. అప్పటి నుంచి అది 'చక్ టేలర్ ఆల్ స్టార్' అయింది. జనం నోట చివరికి 'చక్స్'గా మిగిలింది. ఆయన పేరుతో కోట్ల జతలు అమ్ముడుపోయాయి. మరి ఆయనకు ముట్టిందెంత? జత మీద ఒక్క సెంటు కూడా కమిషన్ లేదు. జీతం, మన భాషలో చెప్పాలంటే టి.ఏ., డి.ఏ. అంతే. దానికి ఆయన దావా వేసిందీ లేదు, అలిగిందీ లేదు. 1969లో బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో ఆయనకు చోటిచ్చారు. అదే సంవత్సరం జూన్ 23న, 68వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, ఫ్లోరిడాలో కన్నుమూశాడు. ఉద్యోగ విరమణ చేసి ఎంతో కాలం కాలేదు.

మంచి రోజులు

ఆ బూటు మంచి రోజులు కూడా చూసింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను మొదటిసారి పతకాల ఆటగా చేర్చారు. అమెరికా జట్టు కోసం తెల్ల కాన్వాస్‌కు ఎరుపు, నీలం గీతలు వేసి బూట్లు చేశారు. ఆటలు ఆరుబయట మట్టి కోర్టుల మీద జరిగాయి. ఆఖరి పోటీ రోజున వాన. బురదలో బంతి నేలకు కొడితే పైకి లేవదు. ఆ బురదలోనే అమెరికా 19-8 తేడాతో కెనడాను గెలిచింది. ఆట కనిపెట్టిన నెయ్‌స్మిత్ ఆ ఒలింపిక్స్‌కు స్వయంగా వచ్చాడు.

రెండో ప్రపంచయుద్ధంలో కంపెనీ సైన్యానికి బూట్లు, రబ్బరు రక్షణ దుస్తులు చేసి ఇచ్చింది. శిక్షణ శిబిరాల్లో సైనికుల కాళ్ళకు ఆల్ స్టార్లు ఎక్కాయి. తిరిగి వచ్చాక ఆ కుర్రవాళ్ళు అవే కొనుక్కున్నారు. 1957లో చీలమండ కిందికే ఉండే పొట్టి రకం వచ్చింది. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లెయిన్ ఒకే ఆటలో 100 పాయింట్లు వేశాడు. ఎన్‌బీఏలో ఇంతవరకూ ఆ రికార్డును ఎవరూ దాటలేదు. ఆయన వేసుకున్నవీ కాన్వర్స్ బూట్లే.

చేతులు మారిన కంపెనీ

పైకి ఇంత పేరున్నా లోపల కథ వేరు. స్థాపకుడి చేతిలోంచి కంపెనీ 1929లోనే జారిపోయింది. దివాలా తీసింది. రెండు చేతులు మారాక 1933లో స్టోన్ కుటుంబం కొనుక్కుని 39 ఏళ్ళు నడిపింది. 1972లో ఎల్ట్రా అనే పెద్ద సంస్థకు అమ్మేసింది. 1979లో ఎల్ట్రాను మరో సంస్థ మింగింది. 1982లో కంపెనీ అధికారులే కొందరు కలిసి కొన్నారు. 1986లో ఇంటర్‌కో అనే సంస్థ కొన్నది. 1994లో మళ్ళీ విడిపోయింది. కార్ఖానాలో పనిచేసేవాడికి ఇన్నిసార్లు జీతం చీటీ మీద యజమాని పేరు మారితే ఎలా ఉంటుందో ఊహించండి.

ఈలోగా ఆట మారింది. 1970ల నుంచి తోలు బూట్లు, లోపల మెత్తటి దిండ్లున్న బూట్లు వచ్చాయి. కాన్వాస్ బూటు పలచన, పాదానికి ఆసరా తక్కువ. పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే అటు తిరిగారు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాన్వర్స్ అధికారిక బూటు. అప్పటికి కాలేజీ కుర్రవాడైన మైకేల్ జోర్డన్ ఆ బూట్లతోనే బంగారు పతకం గెలిచాడు. కొద్ది నెలల్లో ఆయన నైకీ అనే కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ కంపెనీకి ఆ పేరు వచ్చింది 1971లోనే. జోర్డన్ పేరుతో వచ్చిన బూట్ల మీద ఆయనకు ప్రతి ఏటా వాటా ఉంది. చక్ టేలర్ రోజులకూ జోర్డన్ రోజులకూ తేడా అది.

ఆటస్థలంలో ఓడిన గుడ్డ బూటు వీధిలో బతికింది. పాటల బృందాల కుర్రాళ్ళు వేసుకున్నారు. 1976లో వచ్చిన 'రాకీ' సినిమాలో హీరో ఈ బూట్లతోనే తెల్లవారుజామున పరుగెత్తుతాడు. 2020 అమెరికా ఎన్నికల ప్రచారంలో, చెన్నై నుంచి వెళ్ళిన శ్యామలా గోపాలన్‌గారి కూతురు కమలా హారిస్ కోటు కింద వీటిని వేసుకుని విమానం దిగితే పత్రికలన్నీ రాశాయి.

అయినా అప్పులు కంపెనీని వదలలేదు. 2001 జనవరిలో మళ్ళీ దివాలా పిటిషను వేసింది. ఆ వసంతంలోనే నార్త్ కరొలైనా రాష్ట్రం లంబర్టన్‌లో ఉన్న కార్ఖానా మూతపడింది. అమెరికాలో ఆల్ స్టార్ తయారైన ఆఖరి కార్ఖానాల్లో అదొకటి. చుట్టుపక్కల బట్టల మిల్లులూ అప్పటికే ఒకటొకటిగా మూతపడుతున్న ప్రాంతం అది. వందలమంది, అందులో ఇరవై, ముప్పై ఏళ్ళు కుట్టు మిషను ముందు కూర్చున్న ఆడవాళ్ళు, పని పోగొట్టుకున్నారు. బూట్ల తయారీ ఆసియా దేశాలకు వెళ్ళింది. 2003లో ఆ పేరును 30 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నదెవరో తెలుసా? జోర్డన్‌ను తీసుకుపోయిన నైకీయే.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు వెళతాను. దిగుమతి అయ్యే జతల్లో కొన్నింటికి అట్ట అడుగున పలచగా నూగులాంటి గుడ్డ పొర ఉంటుంది. నాలుగు రోజులు నడిస్తే అరిగిపోతుంది. ఎందుకంటే, నేలకు తగిలే భాగంలో గుడ్డ ఎక్కువగా ఉంటే దాన్ని రబ్బరు బూటుగా కాక వేరే తరగతిగా లెక్కగట్టి తక్కువ సుంకం వేస్తారు. నియమావళి చదివి సందు పట్టే గుమాస్తా ఏ దేశంలోనైనా ఉంటాడన్నమాట!

మనకు సంబంధించిన మాట

ఇంత చదివాక నా మనసులో నిలిచింది ఒకటే. చక్ టేలర్ పేరు ప్రపంచమంతా తిరిగింది. ఆ మనిషి గురించి మాత్రం చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆయన ఫలానా పెద్ద జట్టుకు ఆడాడని, పాదాల నొప్పి గురించి ఫిర్యాదు చేయడానికి కంపెనీ ఆఫీసుకు వచ్చి ఉద్యోగంలో చేరిపోయాడని కథలు ప్రచారంలో ఉండేవి. 2006లో అబ్రహాం ఆమిడార్ అనే పత్రికా రచయిత ఊరూరా తిరిగి, పాత పత్రికలు తిరగేసి ఆయన జీవితచరిత్ర రాస్తే అప్పుడు తేలింది. ఆ పెద్ద జట్టుకు ఆడాడనడానికి ఆధారమే దొరకలేదు. ఆయన ఏళ్ళ తరబడి చేసిన నిజమైన పని మాత్రం ఊళ్ళలో కుర్రవాళ్ళకు ఉచితంగా ఆట నేర్పడం. అది ఆ కట్టుకథల కంటే గొప్పది. కానీ ఆయన పోయిన 37 ఏళ్ళకు గానీ అది పుస్తకంగా రాలేదు. ఇక లంబర్టన్‌లో బూట్లు కుట్టిన చేతుల పేర్లు ఏ బిళ్ళ మీదా లేవు.

మా కార్యాలయం వేరే భవనానికి మారినప్పుడు పాత రిజిస్టర్లను తూకానికి అమ్మేశారు. అప్పటికి నేను సర్వీసులోనే ఉన్నాను. లారీలోకి ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. అందులో నేను పెట్టిన సంతకాలు ఎన్ని వేలో. నా ముందు ఆ కుర్చీలో కూర్చున్నవారివి ఎన్నో. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత రాత్రింబవళ్ళు సామాను ఎవరు, ఎప్పుడు, ఎంత పంపారో రాసిన పుస్తకాలు కూడా అందులోనే వెళ్ళిపోయాయి. ఒక్కటైనా తీసి దాచమని అడగవలసింది. అడగలేదు. ఆ తప్పు నాదే.

మనుమడికి ఈ చరిత్రంతా చెప్పాను. వాడు బూటు అటూ ఇటూ తిప్పి చూసి, "మరి నీ సంతకం దేని మీద ఉంది తాతా?" అన్నాడు. పెన్షను పుస్తకం తీసి చూపించాను. వాడు నవ్వాడు. తర్వాత సీరియస్‌గా, "అది కాదు, నువ్వు ఏం పని చేశావో నాకు తెలియదు" అన్నాడు. మా అమ్మాయి కూడా, "నాకూ సరిగ్గా తెలియదు నాన్నా" అంది. ముప్పై నాలుగేళ్ళు ఉదయం తొమ్మిదింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వచ్చినవాణ్ణి. ఇంట్లోవాళ్ళకే తెలియదు. చెప్పింది లేదు, రాసింది లేదు.

ఆ మర్నాడే ఒక నోటుపుస్తకం కొన్నాను. చేరిన తేదీ నుంచి మొదలుపెట్టి, గుర్తున్నంతవరకు, గొప్పలు కలపకుండా రాస్తున్నాను. ఎవరి దగ్గర పని నేర్చుకున్నానో వారి పేర్లు కూడా రాస్తున్నాను. దివిసీమ ఉప్పెన నాటి పద్నాలుగు రోజులూ రాయడం అయింది.

సభ్యులకు నా మనవి కూడా అదే. పెన్షను పెంపు గురించి, వైద్య సదుపాయాల గురించి మనం విన్నపాలు రాస్తూనే ఉన్నాం, రాయాలి కూడా. వాటితోపాటు ప్రతి ఒక్కరూ తమ ఉద్యోగ జీవితం నాలుగు పేజీలు రాసి సంఘానికి ఇవ్వండి. చేయి వణికితే మనుమలకు చెప్పి రాయించండి. కార్యదర్శిగారు బీరువాలో ఒక అర ఖాళీ చేస్తామని మాట ఇచ్చారు.

మనుమడు తిరుగు ప్రయాణంలో ఆ బూట్లు తొడుక్కుంటుంటే లేసులు నేనే కట్టాను. అన్నయ్య నాకు కట్టినట్టే, రెండు ముళ్ళు వేశాను.

నమస్కారాలతో,
ఒక విశ్రాంత స్టోర్స్ ఉద్యోగి